పోయినవారి చిరునామా

కిందటి వారం మిమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాను. తప్పే. కానీ ఆ క్షణంలో నేనూ అక్కడే కొయ్యబారి నిలబడ్డాను కాబట్టి, మీకు తెలియకుండా ముందుకు వెళ్లిందేమీ లేదు. మర్చిపోయినవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఆ దుఃఖాన్ని ఎలా మోస్తారో తెలుసుకోవడానికి మేం చేస్తున్న అధ్యయనం రెండో ఏట పడింది. కింద జిరాక్స్ షాపువాడు మమ్మల్ని ఏడుపుల ఆఫీసు అంటాడు. వచ్చినవాళ్లకు ఇక్కడ పేర్లుండవు, నంబర్లే. ప్రశ్నలు అడిగేది నేను. తల్లి పోయి ఏడాది కావస్తున్న ముప్పై ఒకటో నంబరు అమ్మాయి ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు రెండోసారి మాట్లాడటానికి రావాలి. పది ఇరవైకే తలుపు తట్టింది మాత్రం యాభై దాటిన ఒకావిడ. వానకు తడిసిన గొడుగు బయట గోడకు ఆనించి లోపలికొచ్చి, మేం పంపిన ఉత్తరం నా చేతిలో పెట్టి, "ఇందులో పోయిందన్నది నేనేనమ్మా" అంది.

నాకు కంగారు పుట్టుకతో వచ్చింది. తాళం వేసి, నాలుగు మెట్లు దిగి, మళ్లీ పైకెక్కి లాగి చూసే రకాన్ని. అయితే ఇన్నేళ్లూ నేను కంగారుపడినవన్నీ జరగని సంగతులే. నిజంగా జరిగినదాని ముందు ఎలా నిలబడాలో నాకు అలవాటు లేదు. "కూర్చోండమ్మా" అన్నాను, అదొక్కటే నోటికొచ్చింది. ఆవిడ కూర్చోలేదు. మెడలో బట్టలు కొలిచే టేపు అలాగే వేలాడుతోంది. కుట్టుపని మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది.

ఉత్తరం విప్పి చూడక్కర్లేదు, రాసింది నేనే. 'మీ అమ్మగారు దూరమై వచ్చే పన్నెండో తేదీకి ఏడాది అవుతుంది. ఆ రోజు మీకు బరువుగా గడవవచ్చు. మాట్లాడాలనిపిస్తే మేమున్నాం.' అంతే. లోపల ఎవరి పేరూ ఉండదు. కవరు మీద కూడా ఇంటి నంబరు, వీధి తప్ప ఇంకేమీ రాయం. ఎవరి కంటబడినా ఎవరి సంగతో తెలియకూడదని మేం పెట్టుకున్న జాగ్రత్త అది. ఆ జాగ్రత్తే ఇప్పుడు నా ఎదురుగా నిలబడి ఉంది.

తప్పెక్కడ జరిగిందో నిమిషంలో అర్థమైంది. మా ఫారంలో చిరునామాకు రెండు గడులుంటాయి. మొదటిది మాట్లాడటానికి వచ్చినవారిది. రెండోది పోయినవారు చివరిదాకా ఉన్న ఇంటిది. పోయిన మనిషితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ల దుఃఖానికీ, వేరే ఉన్నవాళ్ల దుఃఖానికీ తేడా ఉంటుందేమో చూడాలని ఈ అధ్యయనం నడిపే మా పెద్దాయన పట్టుబట్టి పెట్టించిన గడి. కవర్లు అంటించి పోస్టు చేసేది బాబాయ్. ఆఫీసు మొత్తానికీ ఆయన బాబాయే. నాలుగు నెలలుగా ఆయన రెండో గడిలో ఉన్న చిరునామాలే కవర్ల మీదకి ఎక్కిస్తున్నాడు. చాలామందికి రెండు గడుల్లోనూ ఒకటే ఇల్లు కాబట్టి ఉత్తరాలు చేరాల్సినవాళ్లకే చేరాయి, ఎవరికీ అనుమానం రాలేదు. ముప్పై ఒకటి దగ్గరకొచ్చేసరికి ఉత్తరం నేరుగా పోయినావిడ ఇంటికి వెళ్లింది. పోయినావిడ విప్పి చదువుకుంది.

"ఎవరు రాయించారమ్మా ఇది?" అంది ఆవిడ.

"అది చెప్పడానికి వీల్లేదమ్మా. ఇక్కడికి ఎవరొచ్చారో, ఏం చెప్పారో మేం ఎవరికీ చెప్పం."

ఆ వాక్యం ఫారం మొదటి పేజీలో అచ్చువేసి ఉంటుంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ పైకి చదివి వినిపించాకే సంతకం పెట్టించుకుంటాను. ఇప్పటికి యాభై ఏడుసార్లు చదివాను, ఎప్పుడూ ఇంత సన్నటి గొంతుతో చదవలేదు.

"మీరు చెప్పకపోతే నాకు తెలీదా?" అంది. "మా అమ్మ నాకు ఆరేళ్లప్పుడే పోయింది. ఆ ఇంట్లో అమ్మ అని పిలిపించుకునే మనిషిని నేనొక్కదాన్నే. పిలిచేదీ ఒక్కతే. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోడానికి ఏముంది? అదెక్కడుందో చెప్పండి చాలు. ఇంకేం అడగను."

"నేను చెప్పలేనమ్మా."

"బతికున్న మనిషిని చంపేసి వచ్చి చెబితే, మీరు రాసేసుకోవడమేనా? ఒక్క కాగితం చూపించమని అడగరా?"

అడగం. అదీ పెద్దాయన పెట్టిన నియమమే. ఏడుస్తూ వచ్చిన మనిషిని మరణ ధ్రువీకరణ పత్రం ఏదని అడగడం కంటే సిగ్గుచేటు పని ఇంకోటి లేదంటాడు ఆయన. నేనూ ఒప్పుకున్నాను. మా దగ్గరకు విడాకులిచ్చిన భర్త కోసం ఏడ్చినావిడ వచ్చింది. తమ్ముడు పోయిన మూడో రోజున పడీపడీ నవ్వి, ఆ నవ్వుకు రెండేళ్లుగా కుమిలిపోతున్న బస్సు డ్రైవరు వచ్చాడు. ముఖం కూడా చూడకుండా పోయిన బిడ్డ కోసం నలభై ఏళ్ల తర్వాత నోరు విప్పిన ముసలాయన వచ్చాడు. వీళ్లలో ఎవరిని ఏ కాగితం అడగాలి? కానీ నా ఎదుట ఉన్న మనిషి ఒంటిమీద వాన నీళ్లు ఇంకా ఆరలేదు, నా ఫైలులో పోయి ఏడాదవుతోంది.

టైమెంతయిందో చూడాలి. మా గదిలో గోడ గడియారం పెట్టనివ్వరు, మాట్లాడేవాళ్ల కన్ను దానిమీద పడకూడదని. నేను చేతి గడియారం చూసుకోవడం కూడా నిషేధమే. మెల్లగా చెయ్యి బల్ల కిందకు దించి చూశాను. పది ముప్పై మూడు.

ఇంకో ఇరవై ఏడు నిమిషాల్లో ఆ అమ్మాయి మెట్లెక్కి వస్తుంది. తల్లిని ఇక్కడ చూస్తే, నేనే కబురుపెట్టి పిలిపించాననుకుంటుంది. పది నెలల కిందట మొదటిసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి ముప్పావుగంట నోరు విప్పలేదు. "మిమ్మల్ని అక్కా అనొచ్చా" అని అడిగాకే మాట మొదలైంది. ప్రతి మాటకు ముందు చిన్న దగ్గు, గొంతుకు ఏదో అడ్డం పడినట్టు. "ఈ గదిలో తప్ప ఇంకెక్కడా చెప్పలేదక్కా" అంది వెళ్తూ. ఈ ఒక్క గది కూడా పోతే ఆ అమ్మాయి ఇంకెవరి దగ్గరా మాట్లాడదని నాకు రూఢిగా తెలుసు. నా భయమంతా అదే.

"ఒక్క నిమిషమమ్మా" అని బయటికొచ్చాను. బాబాయ్ తన బల్ల దగ్గర కవర్లకు జిగురు రాస్తున్నాడు. ఉత్తరం చూపించి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన చేతిలో కుంచె అలాగే ఆగిపోయింది.

"ఎంత పని చేశానమ్మాయ్" అన్నాడు.

"తర్వాత బాధపడదాం బాబాయ్. ముందు కిందకెళ్లి మెట్ల దగ్గర నిలబడండి. పదకొండుకి రావాల్సినామెను పైకి రానివ్వకండి. జిరాక్స్ షాపులో కూర్చోబెట్టండి."

"ఎలా ఉంటుందావిడ?"

"చెప్పకూడదు."

"పేరు?"

"నాకే తెలీదు."

"మరెలా ఆపను?"

"వచ్చిన ప్రతివాళ్లనీ ఆపండి." అన్నాక నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెద్దాయనకు ఫోను చేశాను. కమిటీ మీటింగులో ఉన్నట్టున్నాడు, ఎత్తలేదు. ఇక ఏం చేసినా నా నెత్తిమీదే.

నేను తిరిగి వెళ్లేసరికి ఆవిడ కూర్చుని ఉంది. వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలోనే, కిటికీ వైపు మొహం పెట్టి. కాగితం రుమాళ్ల పెట్టెను దూరంగా జరిపేసింది.

"వాళ్ల నాన్న బోర్డులకు పెయింటు వేసేవాడు" అంది, నేను అడగకుండానే. "షాపుల బోర్డులు, లారీల వెనక అక్షరాలు. గీత గీస్తే స్కేలుతో గీసినట్టుండేది. ఆయన పోయినరోజు వేసుకున్న చొక్కా తలుపు వెనక మేకుకు తగిలించాను. నిండా రంగులు. టర్పెంటైను వాసన. ఆ తర్వాత నేను దాన్ని ముట్టుకోలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పొద్దున్నే లేచి ఆ తలుపు దగ్గర ఒక్కసారి ఊపిరి పీల్చుకుని అప్పుడు మిషను దగ్గర కూర్చునేదాన్ని. మనిషి ఇంట్లోనే ఉన్నట్టుండేది."

నేను రాసుకోవడం లేదు. రాసుకునే హక్కు లేదు.

"అది ఏడవలేదమ్మా. నాలుగో రోజున ఉద్యోగానికి పోయింది. సాయంత్రం వచ్చి ఇల్లు కడిగేది. అలమరలు తుడిచేది, గిన్నెలు తోమినవే తోమేది. దీనికి గుండె లేదనుకున్నాను. నలభయ్యో రోజున నేను కింద నా కుట్టు షాపు నుంచి పైకి వచ్చేసరికి మేకుకు చొక్కా లేదు. దండెం మీద ఉంది. రంగు పోయేదాకా మూడుసార్లు సబ్బులో నానబెట్టిందట. తెల్లగా ఉంది చొక్కా. కొన్నప్పుడు కూడా అంత తెల్లగా లేదు."

ఆవిడ టేపు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"నోటికొచ్చినట్టు తిట్టాను. ఉన్న ఒక్క ఆనవాలూ కడిగేశావే అన్నాను. ఇకనుంచి నీకు అమ్మ కూడా లేదనుకో, నేనూ ఆయనతోనే పోయాననుకో అన్నాను. కోపంలో ఎవరైనా అనేదేగా. అందరిళ్లలోనూ అంటారు, గంటాగి అన్నానికి పిలుస్తారు. నేనూ పిలిచేదాన్నే. అది అప్పటిదాకా ఆగలేదు. సంచి సర్దుకుని వెళ్లిపోయింది. ఆ రోజు పన్నెండో తేదీ."

ముప్పై ఒకటో నంబరు ఫారం నాకు కంఠతా వచ్చు. మరణ కారణం అన్న గడిలో ఆ అమ్మాయి 'మాట్లాడుతూ మాట్లాడుతూనే పోయింది' అని రాసింది. పక్కన నేను పెన్సిలుతో 'గుండె ఆగి ఉండవచ్చు' అని రాసుకున్నాను. ఆ రోజు మీరేం చేస్తున్నారని అడిగితే, దగ్గి, బట్టలు ఉతుకుతున్నాను అంది. నేను జాలిపడి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. ఆ అమ్మాయి ఒక్క అబద్ధమూ చెప్పలేదు. తల్లి అనుకోమన్నదాన్నే అనుకుంది.

"ఒక్క సంగతి చెప్పండి" అంది ఆవిడ. "షాపులో పాత ఫోను ఉంది, ఎవరు చేశారో నంబరు కనిపించదు. వారానికోసారి, సాయంత్రం ఏడింటికి ఒక్క రింగు మోగి ఆగిపోతుంది. ఒక్కటే. మిషను ఆ ఫోను పక్కకి జరుపుకున్నాను. అయినా అందుకోలేకపోతున్నాను. అది దాని పనేనా?"

'నంబరు నొక్కుతానక్కా. ఒక్కసారి మోగగానే పెట్టేస్తాను. పోయినవాళ్లు ఎత్తరు కదా, అది వినలేను.' ఆ అమ్మాయి మాటలు రికార్డు చేసిన టేపులో గంటా పద్దెనిమిదో నిమిషం దగ్గర ఉంటుంది ఆ మాట. నేను బల్ల అంచు పట్టుకున్నాను. అవునన్న ఒక్క మాటతో ఈ మనిషి ప్రాణం లేచొస్తుంది. ఆ ఒక్క మాటతోనే నేను ఆ అమ్మాయిని అమ్మేసినట్టవుతుంది.

"నేను చెప్పలేనమ్మా" అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. కొలతలు తీసుకునే మనిషి చూపు అది, ఎక్కడ బిగుతో ఎక్కడ వదులో చూడగానే పట్టేస్తుంది. ఏం కనిపెట్టిందో గాని ఇంక రెట్టించలేదు.

"సరే. నన్ను కూడా రాసుకోండి" అంది.

"ఏమని?"

"నాకూ ఆ రోజే పోయింది కదా. మీరు కాగితాలేమీ అడగరుగా. రాసుకోండి."

కుదరదని చెప్పాలి. పెద్దాయనను అడగాలి. ఇంకో ఫారం మొదలుపెడితే ఈవిడ పదకొండు లోపల లేవదు. ఇవన్నీ అనుకుంటూనే నా చెయ్యి సొరుగు లాగింది. ఎందుకంటే ఏడాదిగా ఏడుస్తూ, ఎందుకు ఏడుస్తున్నావని ఒక్కరు కూడా అడగని మనిషి అయినవాళ్లను పోగొట్టుకుందా లేదా అని తేల్చడానికి నాకు కమిటీ అక్కర్లేదు. మొదటి పేజీ వాక్యం పైకి చదివాను. ఆవిడ తలూపి సంతకం పెట్టింది. యాభై ఎనిమిదో నంబరు.

మీతో సంబంధం అన్నచోట 'కూతురు' అని రాసింది. తేదీ రాసింది. మరణ కారణం అన్న గడి దగ్గర కలం ఆగింది.

"ఇక్కడ ఎంత పెద్దదైనా రాయొచ్చా?"

"మీ ఇష్టం."

రెండే మాటలు రాసింది. 'నా నోరు.'

నేను కిటికీ వైపు తిరిగాను. వాన తగ్గింది. బల్ల కింద టైము చూసుకున్నాను, పది యాభై. బాబాయ్ మెట్ల దగ్గర ఎవరెవరిని ఆపుతున్నాడో దేవుడికే తెలియాలి. రెండో పేజీలో ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. గొంతు సవరించుకుని అడిగాను.

"పోయినవారి గురించి అప్పుడు తెలియక, ఇప్పుడు తెలిసింది ఏమైనా ఉందా?"

"ఏముంటుంది? పుట్టినప్పటినుంచీ తెలిసిన పిల్లేగా" అంది. కాసేపు టేపు వేలికి చుట్టింది. "దానికి ఆ వాసన పడేది కాదు. టర్పెంటైను. చిన్నప్పుడు దగ్గి దగ్గి నీలంగా అయిపోయేది. ఆయన అందుకే చొక్కా బయటే విప్పి, చేతులు కడుక్కుని లోపలికొచ్చేవాడు. పాతికేళ్లు ఒక్కరోజు కూడా పని చొక్కా ఇంట్లోకి తేలే..."

మాట పూర్తికాలేదు.

"దాని మంచం ఆ తలుపు పక్కనే" అంది. "నలభై రోజులు. రాత్రిళ్లు దగ్గుతుంటే, ఏడవడం చేతకాక దగ్గుతోందని విసుక్కున్నాను. ఒక్కరోజు కూడా చొక్కా తియ్యమని అనలేదమ్మా. నలభై రోజులు పట్టింది దానికి."

ఇప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, టేపు నోటికి అడ్డం పెట్టుకుని. దూరంగా జరిపిన రుమాళ్ల పెట్టెను నేను మళ్లీ దగ్గరికి తోశాను. ఆవిడను వెనక గదిలోకి తీసుకెళ్లాలి, రికార్డింగు టేపులు దాచే గదిలోకి, ఇప్పుడే, వెంటనే. "అమ్మా, కాస్త లోపలికొచ్చి కూర్చుందురుగాని" అంటూ లేచాను.

బల్ల మీద నా ఫోను మోగింది. ముప్పై ఒకటో నంబరు.

ఎత్తకుండా ఉండలేను. ఎత్తకపోతే పైకి వచ్చేస్తుంది. గోడ వైపు తిరిగి, ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను.

"అక్కా, ఎదురు బస్టాపులో ఉన్నాను" అంది. "పదిన్నరకే వచ్చాను. పైదాకా వచ్చి దిగిపోయాను. మీ గుమ్మం పక్కన ఒక నీలం గొడుగుంది. దానికి ఆకుపచ్చ గుడ్డతో అతుకు. ఆ అతుకు ఎవరు వేశారో నాకు తెలుసు. ఆవిడ ఎందుకొచ్చింది? మీరు పిలిచారా?"

లేదని చెప్పాలి. ఉత్తరం పొరపాటున వెళ్లిందని చెప్పాలి. కానీ ఏం చెప్పినా ముందు ఆవిడ ఇక్కడుందని ఒప్పుకోవాలి. పదిహేను నిమిషాల కిందట ఆవిడ నా ఎదుట సంతకం పెట్టింది. యాభై ఎనిమిదికి నేనిచ్చిన మాట, ముప్పై ఒకటికి ఇచ్చిన మాట ఒకటే. నా నోట్లో ఇంకో మాట మిగల్లేదు.

"ఇక్కడికి ఎవరొచ్చారో, ఏం చెప్పారో మేం ఎవరికీ చెప్పం" అన్నాను.

అవతల బస్సు వచ్చి ఆగిన చప్పుడు. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. బస్సు కదిలింది. ఎక్కేసిందనుకున్నాను.

"ఆ మాట మీరు సంతకం పెట్టినవాళ్ల గురించే అంటారు" అంది ఆ అమ్మాయి, మెల్లగా. "అంటే ఆవిడా ఫారం నింపింది."

నేను గోడకు ఇంకా దగ్గరగా జరిగాను.

"ఎవరు పోయారని రాసింది అక్కా?"

అడిగాక దగ్గొచ్చింది ఆ అమ్మాయికి. ఎప్పటి చిన్న దగ్గు కాదు. వానలో తడిసి, మెట్లెక్కి దిగి, ఏడుపు దిగమింగుకున్న దగ్గు. ఒకటి, ఇంకొకటి, ఆగకుండా. ఫోను ఎంత అదుముకున్నా ఆ చప్పుడు గదిలోకి వచ్చేసింది.

నా వెనక కుర్చీ కదిలింది.

"ఆ దగ్గు ఇంకా తగ్గలేదా దానికి?" అంది యాభై ఎనిమిదో నంబరు.

ఫోనులో దగ్గు ఆగిపోయింది. ఆవిడ గొంతు బస్టాపుదాకా వినిపించింది. ఆ అమ్మాయి ఫోను పెట్టెయ్యలేదు. ఆవిడ మెడలోంచి టేపు తీసి బల్లమీద పెట్టి, నా చేతిలోని ఫోను కోసం చెయ్యి చాచింది.